తట్ట మోసినవాళ్ళు

అమ్మాయీ,

నీ కథ అంది నెలన్నర దాటింది. ముసలాయన చదవలేదు, పక్కన పడేశాడు అనుకుని ఉంటావు. వచ్చిన వారంలోనే చదివాను. నిజం చెప్పాలంటే జవాబు రాయకుండా తప్పించుకుందామనే అనుకున్నాను. ఏడో పేజీలో ఉన్న ఒక వాక్యం తప్పించుకోనివ్వలేదు. పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తున్నా అదే, రాత్రి నిద్ర పట్టకపోయినా అదే. "స్థానికులు రేయింబవళ్ళు కష్టపడి ఆ మట్టికోటను కట్టుకున్నారు" అని రాశావు. దాని దగ్గరికి వస్తాను. ముందు కాస్త చుట్టూ తిరగనివ్వు.

మనం ఎప్పుడూ కలుసుకోలేదు, అయినా నువ్వనే అంటున్నాను. నా చిన్న కూతురికంటే చిన్నదానివై ఉంటావు, ఏమీ అనుకోకు.

హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజున కారేసుకుని టెక్సస్ తీరాన, లూసియానా సరిహద్దులో ఉన్న సబైన్ పాస్ దాకా వెళ్ళి, అక్కడి ఫలకాలన్నీ చదివి, ఫొటోలు తీసి, ఇంటికొచ్చి తెలుగులో 22 పేజీలు రాశావంటే ఓపికే. "అమెరికా అంతర్యుద్ధం మీద తెలుగు కథ ఎవరైనా చదువుతారా?" అని అడిగావు. నేను చదివాను కదా. ఆ ప్రశ్నను అక్కడితో వదిలేద్దాం.

నీ మొదటి వాక్యం: "ఒకవైపు నలభై ఆరుగురు. మరోవైపు ఐదు వేలు." ఈమధ్య అందరూ ఇలాగే మొదలుపెడుతున్నారు. తొలి వాక్యంలోనే పాఠకుడి చొక్కా పట్టుకోవాలని వర్క్‌షాపుల్లో చెబుతున్నారట. చొక్కా పట్టుకున్నవాడు చెప్పేది ఎవడు వింటాడమ్మా? ఎప్పుడు వదులుతాడా అని చూస్తాడు గానీ!

లెక్క తప్పని అనడం లేదు. 1863 సెప్టెంబరు 8న ఆ కోటలో ఉన్న కాన్ఫెడరేట్లు, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు, యాభైకి లోపే. జనరల్ ఫ్రాంక్లిన్ వెంట ఓడల్లో వచ్చిన యూనియన్ సైన్యం, అంటే లింకన్ పక్షం, ఐదు వేల దాకా ఉంటుంది. కానీ ఆ ఐదు వేలమందిలో ఒడ్డున దిగి కోట మీదికి నడిచినవాడు ఒక్కడూ లేడు. ఓడల్లోనే వచ్చారు, ఓడల్లోనే వెనక్కి పోయారు. అసలు పోరు ఆరు ఫిరంగులకూ నాలుగు గన్‌బోట్లకూ మధ్య. నువ్వు "ఉక్కు రాక్షసి" అన్న ఆ క్లిఫ్టన్ ఉందే, అది న్యూయార్క్ దగ్గర జనాన్ని అటూ ఇటూ దాటించిన ఫెర్రీ. యుద్ధం వచ్చాక నౌకాదళం కొని ఫిరంగులు బిగించింది. మన గోదావరి లాంచీకి ఫిరంగి కట్టినట్టు ఊహించుకో. అప్పుడు రాక్షసి అనే మాట దానంతటదే పోతుంది, దాని బదులు చెక్క వాసన, పొగ, ఇంజను చప్పుడు వస్తాయి. ఫెర్రీ ఫెర్రీలా ఉంటేనే నాకు భయమేస్తుంది.

రెండో భాగం మొత్తం రాజకీయం. ఫ్రెంచివాళ్ళు మెక్సికోలో దిగారు, టెక్సస్‌లో తన జెండా ఎగరాలని లింకన్‌కు తొందర పుట్టింది. ఈ ఒక్క వాక్యం ఉంచి మిగతా మూడు పేజీలూ కొట్టెయ్.

ఇంకొకటి. కోటలోవాళ్ళకు నాయకుడైన డౌలింగ్ గురించి, "డౌలింగ్‌లో నాకు తాండ్ర పాపారాయుడు కనిపించాడు" అన్నావు. మాది ఆ ప్రాంతమే, బొబ్బిలి పేరు వింటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. అందుకే చెబుతున్నాను. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తోలుకొచ్చింది బుస్సీ. ఇక్కడ ఫిరంగులు కోట లోపలివాళ్ళవి. అక్కడ కోట కూలి, ఆడవాళ్ళూ పిల్లలూ సహా నేలమట్టమైంది. సబైన్ పాస్ కోటలో ఒక్కడి ప్రాణం కూడా పోలేదు. కొద్దిమంది, చాలామంది అన్న ఒక్క పోలిక పట్టుకుని రెండు ఊళ్ళకూ ముడిపెడితే ఏ ఊరూ కనబడదు.

సరే, ఇప్పుడు నా పాట. నలభై ఏళ్ళుగా ఇదొక్కటే పాడుతున్నాను, నేను గొంతు సవరించుకుంటే మిత్రులు చెప్పులు వెతుక్కుంటారు. కథలో పని కనబడాలి. మనిషి ఏం చేస్తున్నాడో, ఏ చేత్తో చేస్తున్నాడో, ఎంత సేపు పట్టిందో కనబడాలి. నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా 31 ఏళ్ళు చేశాను. మట్టి పని కొలవడమే నా ఉద్యోగం. తవ్విన గుంట మధ్యలో కొలత కోసం ఒక మట్టి దిమ్మను తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ మట్టి పోయాక ఆ దిమ్మ ఒక్కటే నిలబడి ఉంటుంది. టేపు దాని నెత్తి మీద పెట్టి కిందికి దించితే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది, దాన్నిబట్టి కూలి. రాత్రికి రాత్రి ఆ దిమ్మ నెత్తిన నాలుగంగుళాల మట్టి పేర్చి, నీళ్ళు చల్లి, గడ్డి దుబ్బు పెట్టి వెళ్ళే ఘనులూ ఉంటారు. మొదట్లో తిట్టేవాణ్ణి. తర్వాత ఆ నాలుగంగుళాల మీద ఒక కథ రాశాను.

ఆ కథ ఒక వారపత్రికకు పంపితే ఎడిటరుగారు దిమ్మ ఉన్న పేజీ తీసేసి వేశారు. వెళ్ళి అడిగితే, "పాఠకులు ఇంజనీరింగ్ చదవరండీ, మీ హీరోయిన్ ఏదీ?" అన్నారు. పేరు చెప్పను, ఆయన ఇప్పుడు లేరు. ఆ తర్వాత మూడేళ్ళు ఆ పత్రిక కోసమే వానలో తడిసే హీరోయిన్లను రాశాను, సిగ్గు లేకుండా. పారితోషికం వచ్చేది, పిల్లల ఫీజులు కట్టాలి. ఆ కథలు ఒక్కటీ నా సంపుటాల్లో లేవు, ఎక్కడైనా దొరికితే నాకు చెప్పకు.

నీ కథలో పని ఎక్కడుందో చెబుతాను. నువ్వు అరపేరాలో దాటేసిన చోట ఉంది.

1862 సెప్టెంబరులో యూనియన్ ఓడలు ఇదే చోటికి వచ్చాయి. అప్పుడక్కడున్న పాత కోట గుండ్లు ఓడల దాకా అందలేదు. ఓడల గుండ్లు మాత్రం కోటలో పడ్డాయి. ఆ రాత్రి కోటవాళ్ళు ఫిరంగులకు నిప్పుపెట్టే రంధ్రాల్లో మేకులు దిగ్గొట్టి, వాటిని భూమిలో పాతిపెట్టి వెళ్ళిపోయారు. ఆ ఓడల్ని నడిపించినవాడు క్రోకర్. ఏడాది తిరిగాక క్లిఫ్టన్ ఎక్కి వచ్చినవాడూ అదే క్రోకర్. తనకు తెలిసిన చోటికే వస్తున్నానని అనుకున్నాడు, పాపం.

ఈ ఏడాదిలో ఏం జరిగిందో అదమ్మా కథ. కెల్లర్స్‌బర్గ్ అనే స్విస్ ఇంజనీరు కొత్త చోట కోటకు గీత గీశాడు. పాతిపెట్టిన ఫిరంగుల్ని తవ్వి తీసి, గాల్వెస్టన్ పంపి బాగుచేయించారు. మట్టి గోడ లేచింది. గుండ్లు పడేటప్పుడు తల దాచుకోవడానికి దుంగలు, రైలు పట్టాలు వేసి పైన మట్టి కప్పిన గదులు కట్టారు. ఎదురుగా నీళ్ళలో ఆల్చిప్పల దిబ్బ, దానికి అటు లూసియానా పాయ, ఇటు టెక్సస్ పాయ. లోతు తక్కువ, ఓడ దారి తప్పితే బురదే. ఆ నీళ్ళలో కొలిచిన దూరాల్లో కర్రలు పాతారు. ఆ కర్రల్ని చూసి గుండు వేయడం, ఎక్కడ పడిందో చూడడం, మళ్ళీ వేయడం. ఓడ ఫలానా కర్ర దాటితే గొట్టం ఎంత ఎత్తాలో ముందే తెలిసిపోయింది. పోయిన ఏడాది అందక ఓడిపోయారు, ఈ ఏడాది ఎంతవరకు అందుతుందో కొలిచి పెట్టుకున్నారు.

అందుకే ఆ పొద్దున క్లిఫ్టన్ వచ్చి దూరం నుంచి గుండ్లు పేలిస్తే కోట నుంచి జవాబు రాలేదు. నువ్వు ఇక్కడ డౌలింగ్ చేత అరపేజీ ఉపన్యాసం ఇప్పించావు. "కడ నెత్తుటి బొట్టు దాకా" అంటూ. ఎందుకమ్మా? అతనికి పాతికేళ్ళు దాటాయో లేదో. ఐర్లండులో గాల్వే జిల్లా ట్యూమ్ దగ్గర పుట్టి, కరువు రోజుల్లో అమెరికాకు వచ్చినవాడు. హ్యూస్టన్‌లో సారాకొట్టు నడిపేవాడు. కోటలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది హ్యూస్టన్, గాల్వెస్టన్ రేవుల్లో మూటలు మోసిన ఐరిష్ కూలీలు. సారాకొట్టువాడు రేవు కూలీలకు ఉపన్యాసం ఇస్తే వాళ్ళు వింటారా? కావాలంటే ఫిరంగులకు మేకులు కొట్టి వెళ్ళిపొమ్మని వాళ్ళ జనరల్ మగ్రూడర్ అవకాశం ఇచ్చాడు. ఉంటామన్నారు. ఆ "ఉంటాం" అన్న ఒక్క మాట చాలు. ఆ పైన వాళ్ళు ఎందుకు నోరు మూసుకుని గదుల్లో కూర్చున్నారంటే ఓడ ఇంకా కర్ర దాటలేదు.

మధ్యాహ్నం మూడున్నర దాటాక గన్‌బోట్లు కదిలాయి. సేకమ్ లూసియానా పాయలోకి, క్లిఫ్టన్ టెక్సస్ పాయలోకి. 1,200 గజాల లోపుకి వచ్చాక కోట పేలింది. ఒక గుండు సేకమ్ బాయిలర్‌లో దిగింది. ఇక్కడ నువ్వు "ఓడ అగ్నిగోళమైంది" అన్నావు. అగ్ని కాదు తల్లీ, ఆవిరి. అన్నం గంజి వార్చేటప్పుడు చెయ్యి కాలడం నీకు తెలుసు కదా, అదే ఆవిరి ఒక ఇరుకు ఓడ నిండా. అందులోంచి మనుషులు నీళ్ళలోకి దూకారు. వెనకున్న అరిజోనా దారి లేక వెనక్కి జరిగింది. క్లిఫ్టన్ ఇంకా ముందుకొచ్చింది, చుక్కాని తాడు తెగింది, బురదలో కూరుకుపోయింది, దాని బాయిలర్‌కూ దెబ్బ తగిలింది. 35 నిమిషాల్లో కోట నుంచి 107 గుండ్లు. అంటే ఒక్కో ఫిరంగి రెండు నిమిషాలకు ఒకసారి కంటే ముందే పేలింది. గుండు పేలాక గొట్టంలో నిప్పురవ్వ మిగిలితే తర్వాత దూర్చిన మందు దూర్చేవాడి చేతుల్లోనే అంటుకుంటుంది. తడిబ్రష్‌తో తుడవాలి, మందు సంచి దూర్చాలి, గుండు దించాలి, గూటంతో కుక్కాలి, వెనక్కి తన్నిన బండిని మళ్ళీ ముందుకు తొయ్యాలి. సెప్టెంబరులో, గల్ఫ్ ఉక్కలో. ఒక ఫిరంగి అయితే వెనక్కి తన్ని వేదిక మీద నుంచి జారి కిందపడింది. ఇదంతా నువ్వు పంపిన కాగితాల్లోనే ఉంది, మా మనవడు పక్కన కూర్చుని చదివి చెప్పాడు. ఇంత పని ఉండగా "వీరావేశంతో విజృంభించారు" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

రెండు గన్‌బోట్లు, మూడొందల పైచిలుకు బందీలు. మిగిలిన ఓడలు బరువు తగ్గించుకోవడానికి తిండి సరుకునూ కంచరగాడిదలనూ సముద్రంలోకి తోసేసి న్యూ ఆర్లీన్స్ దారి పట్టాయి. గాడిదల పేరా బాగా రాశావు. అది అలాగే ఉంచు.

ఇక ఏడో పేజీ.

నా మొదటి కథ పేరు 'గండి'. మా ఊరి చెరువుకు తుపాను రాత్రి గండిపడితే పూడ్చిన సంగతి. అచ్చయిన పత్రిక పట్టుకుని ఇంటికెళ్ళాను. అమ్మకు చదువు రాదు. చెల్లెలు చదివి వినిపిస్తుంటే అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. "ఊరంతా ఏకమై గండి పూడ్చింది" అన్న వాక్యం రాగానే చెయ్యి ఆపింది.

"ఊరంతా అంటే ఎవర్రా?" అంది.

నేనేదో అనబోయాను.

"ఆ రాత్రి నేను తట్ట మోశాను. మీ పెద్దమ్మ మోసింది. పేటవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడి గోతాలు పేర్చారు. కామందు గొడుగేసుకుని, లాంతరు పట్టించుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఆ గొడుగు కూడా ఊరేనా?"

మళ్ళీ పిక్క తీసుకుంది. మా అమ్మకు నడినెత్తిన అరచేయంత మేర జుట్టు పలచగా ఉండేది. చుట్టకుదురు పెట్టి తట్టలు మోసిన చోటు అది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, తల దువ్వుకుంటూ ఆవిడ దాని మీదికి పక్క జుట్టు లాగడం. ఆ రోజు దాకా అది ఏమిటో నాకు తట్టలేదు. తడి మట్టి అయితే తట్ట కంతల్లోంచి కారి కళ్ళలో పడుతుంది, రెండు చేతులూ పైనే ఉంటాయి కాబట్టి తుడుచుకోవడానికి వీలుండదు. ఇవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి, నేను "ఊరంతా" అని రాశాను.

నువ్వు "స్థానికులు" అన్నావు. ఆ కోట మట్టి మోసింది నల్లజాతి బానిసలు. తోటల యజమానుల దగ్గర నుంచి సైన్యం వాళ్ళను పనికి రప్పించింది. అక్కడి జెండా కింద కోటలూ గోడలూ చాలాచోట్ల అలా లేచినవే. "కట్టుకున్నారు" అన్నావు చూడు, ఆ "కు" అక్షరం నన్ను మరీ బాధపెట్టింది. కట్టుకున్నది ఎవరికోసం? ఆ ఏడాది జనవరి 1నే లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వచ్చింది. కాగితం ప్రకారం, ఆ గోడకు మట్టి మోస్తున్న రోజుకు వాళ్ళు స్వతంత్రులు. ఆ కాగితం నిజం కావాలంటే యూనియన్ సైన్యం రావాలి. వచ్చిన సైన్యాన్ని ఆ గోడ వెనక నుంచే ఆపారు. టెక్సస్‌లో బానిసలుగా ఉన్న రెండున్నర లక్షల మందికి విడుదల ఉత్తర్వు గాల్వెస్టన్‌లో వినబడింది 1865 జూన్ 19న. ఆ యుద్ధం తర్వాత ఇరవై ఒక్క నెలలకు. ఆ ఒక్క మధ్యాహ్నం వల్లే ఇంత ఆలస్యమైందని నేను అనను. ఆ తర్వాత యూనియన్ సైన్యం దక్షిణాన బ్రౌన్స్‌విల్లో దిగింది కూడా, లోపలికి మాత్రం రాలేకపోయింది. కానీ నీ కథలో ఆ నెలల ఊసే లేదు.

డౌలింగ్‌ను తిట్టి రాయమనడం లేదు. అతన్ని విలన్ చేస్తే నీ కథ ఇంకోరకంగా చెడుతుంది. ఆకలికి దేశం విడిచి వచ్చిన కూలీలు, తమకంటే దిగువన ఉన్న కూలీలు మట్టి మోసిన గోడ వెనక నిలబడి, కొలిచి పేల్చారు. పనివాళ్ళుగా వాళ్ళ పనితనం గొప్పది. అది రాయి. వెండి డాలర్లను నున్నగా అరగదీసి పతకాలు చేయించి మెళ్ళో వేశారు వాళ్ళకు, అదీ రాయి. నాలుగేళ్ళకు డౌలింగ్ పచ్చజ్వరంతో పోయాడు. హ్యూస్టన్‌లో ఒక వీధికి అతని పేరు పెట్టారు, 2017లో దాన్ని తీసి ఎమాన్సిపేషన్ (విమోచన) అవెన్యూ అని పెట్టారు. ఆ వీధి పక్కనే విడుదలైన బానిసలు చందాలేసుకుని 1872లో కొన్న పార్కు ఉంది. డౌలింగ్ విగ్రహాన్ని 2020లో హెర్మన్ పార్కు నుంచి తీసేశారు. ఆ వీధిలో కారులో వెళ్ళానని నీ ఉత్తరంలో రాశావు గానీ కథలో పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? టెన్షనా? అక్కడి మన సంఘంవాళ్ళు సావనీరులో వేసుకోరనా?

నీ చేతిలో పేర్లు లేవు, నాకు తెలుసు. డౌలింగ్ వెంట ఉన్నవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కారు, మట్టి మోసినవాళ్ళవి లేవు. అలాగని నువ్వు పేర్లు పుట్టించి, కన్నీళ్ళు పెట్టించి, పాటలు పాడించకు. ఇప్పుడదొక ఫ్యాషన్, అణగారినవాళ్ళు కనబడగానే గొంతు వణికించడం. పోటీలకొచ్చే కథల్లో సగం అలాగే వణుకుతుంటాయి, జడ్జీగా కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను, ఒకసారి ఆ కుర్చీలోంచి లేచి వచ్చేశాను కూడా. నువ్వు తట్ట రాయి. పార రాయి. మట్టి ఎక్కడ తవ్వారు, ఎంత దూరం మోశారు, గోడ ఒక అడుగు లేవడానికి ఎన్ని తట్టలు పట్టాయి. పేరు లేకపోయినా మెడ ఉంటుంది, మెడ మీద బరువుంటుంది.

"ధైర్యమే అన్నిటికన్నా పెద్ద ఆయుధం" అని చివరి పేరా రాశావు. దాని గురించి మాట్లాడను. వర్తమాన కాలంలో రాయాలా, భూతకాలంలోనా అని అడిగావు, ఏదైతేనేం. ఏ పత్రికకు పంపమంటారు అని అడిగావు. నా మాట మీద పంపితే తిరిగొస్తుంది, నాతో సగం మందికి పడదు.

ఒక పని చెయ్యి. మళ్ళీ అటు వెళ్ళినప్పుడు ఫలకాలు చదవకు, చదివినవి చాలు. ఆ నీళ్ళ అంచున వంగి గుప్పెడు మట్టి తీసుకో. ఏ రంగులో ఉందో చూడు. తడిపి పిసికితే ముద్దవుతుందా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుందా? ఎండితే నెర్రెలిస్తుందా? ఆల్చిప్ప ముక్కలు ఎంతెంత కలిశాయి? తక్కెడ దొరికితే తడిదీ పొడిదీ తూచి రాయి. తట్టకు ఎంత బరువొస్తుందో నేను లెక్క కట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,

మీ ఊరి పక్క ఊరి ముసలాయన